నీలం అట్ట మీద జాతకం

మా విభాగంలో గోడవారగా ఒక ఇనుప బీరువా ఉండేది. ఎం.డి. విద్యార్థులు రాసిన థీసిస్‌లన్నీ నల్లటి అట్టలు, బంగారు అక్షరాలతో అందులో వరసగా నిలబడి ఉండేవి. వాటిని చదివినవాళ్లు రెండు రకాలు. ఒకటి చెదలు, రెండు తరవాతి ఏడాది విద్యార్థులు. చెదలు నిజాయితీగా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవి. విద్యార్థులు తమకు కావలసిన పేరాలు మాత్రం ఎత్తుకుని తలుపు వేసేసేవాళ్లు.

రాయపూర్‌లో నేను వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పిన ఆ ఎనభైల రోజుల్లో, నా దగ్గరికి పరిశోధనకు వచ్చిన ప్రతివాణ్ణీ మొదటిరోజు ఆ బీరువా ముందు నిలబెట్టేవాణ్ణి. "ఇది శ్మశానం. నీ పని ఇక్కడికి రాకూడదు" అనేవాణ్ణి. మాది రోగం వచ్చాక నయం చేసే విభాగం కాదు, రాకుండా చూసే విభాగం. ఆపరేషన్లు చేసే పెద్దలు మమ్మల్ని మరుగుదొడ్ల డాక్టర్లని ముద్దుగా పిలిచేవారు. ప్రయోగశాలలో తేలిన విషయాన్ని ఇంటి గుమ్మం దాకా మోసుకుపోయి, గడప దాటించి, ఆ ఇంటివాళ్ల అలవాటుగా మార్చడం ఎలాగో నేర్పడం నా ఉద్యోగం. ఈమధ్య దీనికేదో పెద్ద పేరు వచ్చిందని విన్నాను. అప్పట్లో పేరు లేదు, జీపు కూడా లేదు. సైకిళ్లుండేవి.

నాకు ఈ పిచ్చి మా నాన్న నుంచి వచ్చింది. ఆయన శ్రీకాకుళం జిల్లా నుంచి రైలు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చిన గార్డు. ఆదివారాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్ వరండాలో నలుగురైదుగురు తెలుగువాళ్లు చేరి వాదసభ నడిపేవారు. దేవుడున్నాడా, వితంతువులు మళ్లీ పెళ్లాడవచ్చా, జాతకాలు నిజమా, ఇలాంటివి. నిక్కరు వేసుకునే వయసు నుంచీ నేను ఆ వరండా అరుగు మీద కూర్చుని విన్నాను. ఆ సభకు ఒకే నియమం. ఎదుటివాడి మాట ఖండించాలంటే ముందు ఆ మాటను నువ్వు తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని వాడు ఒప్పుకోవాలి. అప్పుడే నీకు ఖండించే హక్కు. చాలా వాదాలు ఆ ఒప్పుకోలు దగ్గరే చల్లారిపోయేవి. వచ్చినవాళ్లు సమోసాలు తిని ఇళ్లకు పోయేవారు.

ఈ నియమాన్ని నేను నా విద్యార్థులందరికీ నేర్పాను. వాళ్లు దాన్ని నా మీదే వాడతారని మాత్రం అనుకోలేదు.

ఛత్తీస్‌గఢ్‌లో పనిచేసే డాక్టరుకు సికిల్ సెల్ జబ్బు తెలియకుండా గడవదు. గుండ్రంగా ఉండవలసిన ఎర్రకణం కొడవలిలా వంకర తిరిగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుపోతుంది. పిల్లలు కీళ్లు పట్టుకుని ఏడుస్తారు. రక్తం తగ్గిపోతుంది. కొందరు పెద్దవాళ్లు కాకుండానే పోతారు. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. ఇద్దరి నుంచీ ఆ లక్షణం వస్తేనే బిడ్డకు జబ్బు. ఒక్కరి నుంచే వస్తే ఆ మనిషి నిక్షేపంలా ఉంటాడు, బరువులు మోస్తాడు, ముసలివాడయ్యే దాకా బతుకుతాడు. రక్తంలో మాత్రం సగం లక్షణం ఉంటుంది. అలాంటి సగం లక్షణం ఉన్న ఇద్దరు పెళ్లాడితే పిల్లలకు ప్రమాదం. ఈ మాట బోర్డు మీద రెండు వృత్తాలు, నాలుగు గీతలు గీసి ఐదు నిమిషాల్లో చెప్పేవాణ్ణి. విద్యార్థులు ఐదు నిమిషాల్లో రాసుకునేవారు. దాన్ని వీధిలోకి తీసుకుపోవడం ఎలా?

నాకొక ఆలోచన వచ్చింది. అది వచ్చినరోజు నేను చాలా సంతోషించానని ఇప్పుడు సిగ్గుపడకుండా ఒప్పుకోవాలి. మనవాళ్లు పెళ్లికి ముందు జాతకాలు చూస్తారు గదా? నక్షత్రాల బదులు రక్తం చూడమందాం. ప్రతి మనిషికీ ఒక కార్డు ఇద్దాం. లక్షణం లేనివాళ్లకు తెల్లకార్డు, జబ్బున్నవాళ్లకు ఎర్రకార్డు, సగం లక్షణమున్నవాళ్లకు వేరే రంగు కార్డు. చదువు రానివాళ్లు కూడా రంగు చూసి తెలుసుకుంటారు. తెలీబంధా చెరువు దగ్గర నాకు తెలిసిన ప్రెస్సులో సినిమా టిక్కెట్ల కోసం కొన్న నీలం అట్ట మిగిలిపోయి ఉంది. మూడో రంగు అదే అయింది. ఇంతకన్నా శాస్త్రీయమైన కారణమేదీ లేదు.

మొదటి కార్డులు పంచినరోజు తెలీబంధాలో ఒక ఛత్తీస్‌గఢీ ముసలామె నీలం కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ తో శని కే రంగ్ ఆయ్, సాహెబ్" అంది. ఇది శని రంగు గదయ్యా అని. నేను నవ్వాను. పక్కనున్న విద్యార్థులకు దాన్నే పాఠంగా చెప్పాను కూడా: "చూశారా, మూఢనమ్మకం రంగుల్ని కూడా వదలదు." అందరం నవ్వాం. ముసలామె నవ్వలేదు. కార్డును కొంగున ముడివేసుకుని వెళ్లిపోయింది.

రైల్వే కాలనీలో తెలుగువాళ్ల ముందు నేనే ఉపన్యాసం ఇచ్చాను. "జాతకాలు చించి పారేయండి! ఆకాశం వైపు కాదు, మీ వేలి కొన వైపు చూడండి!" అన్నాను. బాగా చప్పట్లు కొట్టారు. జాతకం ఒక్కరూ చించలేదని ఆ తరవాత తెలిసింది.

రెండేళ్లు గడిచాక నా దగ్గరికి ఒక అమ్మాయి ఎం.డి.కి వచ్చింది. వాళ్లమ్మ కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మనిషి, రైల్వే ఆస్పత్రిలో నర్సు. కూతురు డాక్టరు కావాలని ఆమె రాత్రి డ్యూటీలూ పగటి డ్యూటీలూ కలిపి చేసిందని అందరికీ తెలుసు. ఆ అమ్మాయికి నేనొక సిద్ధాన్నం లాంటి విషయం ఇచ్చాను: రక్తపు కార్డుల వల్ల ప్రజల్లో కలిగిన మేలు. ఫలితం శీర్షికలోనే ఉంది. లెక్కలు తెచ్చి కింద పేర్చమన్నాను. ముందే తీర్పు రాసేసి సాక్షుల్ని తర్వాత పిలవడం పూజారుల పద్ధతి అని అంతకు పూర్వం ఎన్ని సభల్లో అరిచానో నాకే గుర్తులేదు.

మొదటి నెల ఆమె ఒక్క ప్రశ్నపత్రం కూడా నింపలేదు. "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగాను.

"కూర్చుంటున్నాను సార్."

"ఎక్కడ?"

"వంటిళ్లల్లో. చింతపండు పిక్కలు తీస్తూ, ఆవకాయ ముక్కలు తుడుస్తూ. ప్రశ్నపత్రం తీస్తే వాళ్లు నోరు మూసుకుంటున్నారండీ."

"పరిశోధనకు ఆవకాయ ముక్కలు తుడవక్కర్లేదు. ప్రశ్న అడుగు, జవాబు రాసుకో."

ఆమె తలూపింది. మళ్లీ వంటిళ్లకే పోయింది. రెండో నెల చివర వచ్చి చెప్పింది: "సార్, నేను ఏ ఇంటికి పోయి కార్డు చూపించమన్నా తెల్లకార్డే తెస్తున్నారు. జాతకాలు దాచే రేకుపెట్టెలో పెడుతున్నారండీ. నాలుగు మూలలా పసుపు రాసి మరీ."

నాకు ఎంత ఆనందమో! జాతకం స్థానంలో కార్డు వచ్చింది గదా అన్నాను. పసుపు ఉంటే ఉండనీ, లోపలి సరుకు మారింది గదా అన్నాను.

"నీలం కార్డులు ఎక్కడ సార్?"

"అంటే?"

"మన రిజిస్టరులో ఎందరికో ఇచ్చినట్టు ఉంది. ఒక్కటీ కనబడటం లేదు. ఎవరూ చూపించరు. ఉందని కూడా ఒప్పుకోరు. ఇద్దరు ముగ్గురిళ్లల్లో పక్కింటివాళ్ల తెల్లకార్డు తెచ్చి చూపించారండీ."

నేను వెంటనే ఖండించాను. ఎదుటివాళ్ల మాట తిరిగి చెప్పకుండానే. "సర్వే సరిగా చేయలేదు నువ్వు" అన్నాను.

ఆమె వాదించలేదు. "ఒకసారి నాతో రండి సార్, పంతులు గారి దగ్గరికి" అంది.

ఆ పంతులుగారు నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే. పగలు రైలు టిక్కెట్ల కౌంటరులో గుమాస్తా, సాయంత్రాలు కాలనీ తెలుగువాళ్లకు జాతకాలు కలిపే పురోహితుడు. మా నాన్నతో వరండాలో వాదించి ఓడిపోయినవాళ్లలో ఆయనొకడు. ఓడినట్టు మాత్రం ఆయన అనుకోడు. మమ్మల్ని చూసి కుర్చీ లాగాడు.

"రండి రండి డాక్టరు గారూ! ఎన్నాళ్లకు! మీ నాన్నగారు బతికుంటే ఎంత సంతోషించేవారో!"

"ఎందుకు?"

"మనిద్దరం ఒకే డిపార్టుమెంటు అయిపోయాం గదా!"

నా మొహం చూసి ఆయన ఇంకా ఉత్సాహపడ్డాడు. సొరుగులోంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీశాడు. వధూవరుల రాశి, నక్షత్రం, గోత్రం గళ్ల పక్కన కొత్తగా ఒక గడి గీసి ఉంది. దాని పైన 'రక్తం' అని రాసి ఉంది. "ఇదివరకు కుజదోషం ఒకటే ఉండేది. ఇప్పుడు నీలదోషం కూడా చూస్తున్నాం. దీనికి ప్రమాణం గ్రంథాల్లో లేదు గానీ, మీ సర్కారీ మోహర్, ముద్ర ఉంది గదా, పక్కా!"

"నీలదోషమా? అది దోషం కాదు. ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు."

"అలాగే అంటారు లెండి. శనివారాలు నువ్వుల నూనె దీపం పెట్టమంటున్నాను. హాని ఏముంది?"

"మగపిల్లలకు కూడా చూస్తున్నారా ఈ గడి?" అంది మా ఎం.డి. అమ్మాయి నెమ్మదిగా.

పంతులు ఆమె వైపు జాలిగా చూశాడు. "పెళ్లికొడుకును రక్తం చూపించమని అడిగితే సంబంధం నిలుస్తుందా తల్లీ? మీరు క్రైస్తవులు, మీకు తెలియదు గానీ."

"మాలోనూ అడగరండీ" అంది ఆమె. "అందుకే అడిగాను."

బయటికి వచ్చాక నేను చాలాసేపు మాట్లాడాను. ఆ పంతులు మూఢుడనీ, వాడి చేతిలో ఏది పడినా విషమే అవుతుందనీ. ఆమె సైకిలు నడిపించుకుంటూ విన్నది. చివర్లో, "పంతులు గారు మనం ఇచ్చిందే వాడారు సార్" అంది అంతే.

థీసిస్ చిత్తుప్రతి నా బల్ల మీదికి వచ్చింది. చివరి అధ్యాయం చదివి నాకు చెవులు వేడెక్కాయి. రక్తపు కార్డులు, ఇచ్చిన పద్ధతి వల్ల, మేలు కన్నా కీడు ఎక్కువ చేశాయని రాసింది. నీలం కార్డున్న ఆడపిల్లల సంబంధాలు తప్పిపోయాయనీ, ఎదుటి కుర్రాడికి పరీక్ష జరగలేదనీ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని రోగుల కింద చూస్తున్నారనీ. ఇంటింటి కథలు అనుబంధంలో. భాష శుభ్రంగా ఉంది. ఎక్కడా నా మీద ఒక్క చురక మాట లేదు. అది ఇంకా మండించింది.

"శీర్షిక మేలు అని ఉంది. నువ్వు కీడు రాశావు."

"శీర్షికలో మేలు తీసేసి ఫలితాలు అని పెట్టానండీ."

"ఎవరినడిగి?"

ఆమె అనుబంధం పేజీ తీసి నా ముందు పెట్టింది.

"కీడు జరిగితే అది ప్రజల అజ్ఞానం వల్ల. అలా మార్చి రాయి. అప్పుడు సంతకం చేస్తాను."

గైడు సంతకం లేకపోతే థీసిస్ విశ్వవిద్యాలయం పుచ్చుకోదు. ఆఖరి తేదీ శనివారం. ఆ రోజు దాటితే ఈసారి పరీక్షకు కూర్చోవడానికి వీల్లేదు, ఆరు నెలలు పోతాయి. ఆ ఆరు నెలలూ ఆమె తల్లి ఇంకా డ్యూటీలు చేయాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే సంతకం ఆపాను. పంచాంగం పట్టుకుని ముహూర్తం లేదని పెళ్లి ఆపేవాడికీ నాకూ ఆ వారం పెద్ద తేడా లేదు. వాడికి కనీసం నమ్మకమైనా ఉంటుంది.

గురువారం ఆమె మళ్లీ వచ్చింది. ఏడుస్తుందేమో, ఎలా ఓదార్చాలో ముందే అనుకుని కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. "సార్, మీరు మొదటిరోజు ఒక నియమం చెప్పారు. ఎదుటివాళ్ల మాట వాళ్లు ఒప్పుకునేట్టు తిరిగి చెప్పి గానీ ఖండించకూడదని."

"చెప్పాను. నీ వాదం తిరిగి చెప్పమంటావా? ఇప్పుడే చెబుతాను."

"నాది కాదండీ. ఆ వాదం నాది కాదు. నేను విని రాసుకున్నదే. మీరు చెప్పవలసింది ఫిట్టరు గారి భార్యకు."

ఫిట్టరుగారి భార్య ఆ అనుబంధంలో మొదటి కథ. భర్త రైల్వే షెడ్డులో ఫిట్టరు. కూతురికి ఊరి పక్కనే ఉన్న మోవా నుంచి సంబంధం వచ్చింది, మాటలయ్యాయి, తాంబూలాలకు రోజు పెట్టుకున్నారు. అప్పుడు కుర్రాడి తల్లి కార్డు రంగు అడిగింది. నీలమని తెలిసి ఊరుకున్నారు. మళ్లీ రాలేదు.

తప్పించుకునే దారి లేదు. శుక్రవారం పొద్దున్నే ఇద్దరం సైకిళ్ల మీద పోయాం. ఫిట్టరు డ్యూటీలో ఉన్నాడు. భార్య వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి పీట వేసింది. "రండి డాట్రు బాబూ. మల్లీ ఏటి రంగు తెచ్చినారు?"

వచ్చిన పని మా అమ్మాయి చెప్పింది. ఆవిడకు మొదట నవ్వొచ్చింది. "నా మాట నాకే సెప్తారేటి? సదువుకున్నోల్లకి ఇదో సదువా?" అని, తరవాత మిరపకాయలు వదిలి సర్దుకుని కూర్చుంది. "అలాగే కానీండి. ఇంటాను."

నేను గొంతు సవరించుకున్నాను. "కార్డు వల్ల మీ అమ్మాయి సంబంధం తప్పిపోయింది కాబట్టి, కార్డులు ఇవ్వడం తప్పంటున్నారు మీరు."

"నానలాగన్లేదు."

"మరి... అసలు రక్తం చూడటమే తప్పంటున్నారు."

"అదీ అన్లేదు. మా ఆడబిడ్డ కొడుకు ఆ జబ్బుతోనే పోనాడు. కీల్లట్టుకుని రేత్రీ పగలూ ఏడిసీవోడు. ఏడేల్లు లేవు. రక్తం సూడొద్దని నానెందుకంటాను? సూడాలి. ఎవులొద్దన్నారు?" ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఊఁ. సెప్పండి."

మూడోసారికి నేను వెంటనే నోరు తెరవలేదు. వరండాలో మా నాన్న ఇలాగే మధ్యలో ఆగిపోయేవాడు. అది ఎత్తుగడ అనుకునేవాణ్ణి. ఎత్తుగడ కాదని అక్కడ పీట మీద తెలిసింది. ఏమీ తోచకే ఆగేవాడు.

గడపలో ఫిట్టరు కూతురు నిలబడి ఉంది. పంతొమ్మిది ఇరవై ఏళ్లుంటాయి, పుల్లలా సన్నగా ఉన్నా ఆరోగ్యంగా ఉంది. నేనే అడిగాను: "నీకేమనిపిస్తోందమ్మా?"

"ఆ రిష్తా పోయినందుకు నాకేం లేదు అంకుల్. ఆ అబ్బాయి అంత గొప్పేం కాదు. కానీ ఇప్పుడందరూ తబియత్ ఎలా ఉందీ, ఒంట్లో ఎలా ఉందీ అని అడుగుతారు. నీళ్లబిందె ఎత్తితే పరిగెత్తుకొచ్చి లాక్కుంటారు. నాకేమీ లేదు. మీరు చెప్పండి, నాకేమైనా ఉందా?"

"ఏమీ లేదు."

"కార్డు మీద ఆ మాట ఎందుకు రాయలేదు?"

రాశాం. అట్ట వెనకవైపు, సన్నటి అక్షరాల్లో, హిందీలో, నాలుగు వరసలు. అట్ట వెనక్కి తిప్పినవాళ్లు రాయపూర్‌లో ఎవరూ ఉన్నట్టు లేదు. ముందువైపు రంగుంది. రంగు కింద ఒకే మనిషి పేరుంది. అప్పుడు నాకు మెల్లగా అర్థమవడం మొదలైంది. బోర్డు మీద నేను ఎప్పుడూ రెండు వృత్తాలు గీసేవాణ్ణి. కార్డు మీద ఒకటే వేశాను.

"మూడోసారి చెబుతాను వినండి" అన్నాను ఫిట్టరు భార్యతో. "రక్తం చూడాలి. చూస్తే ఇద్దరిదీ చూడాలి. ప్రమాదం అమ్మాయిలో లేదు, అబ్బాయిలో లేదు, ఇద్దరూ కలిస్తే ఉంటే ఉంటుంది. మేం మీ అమ్మాయి రక్తం ఒక్కటే చూసి, దానికొక రంగు వేసి, వీధిలోకి వదిలాం. ఆ కుర్రాడి రక్తం ఎవరూ చూడలేదు. ఇద్దరి మధ్య ఉండవలసింది తీసుకొచ్చి మీ అమ్మాయి ఒక్కదాని నెత్తిన పెట్టాం."

ఆవిడ చెదిరిన మిరపకాయనొకదాన్ని కుప్పలోకి నెట్టింది. "దగ్గరికొచ్చినారు" అంది. "ఇంకొకటుండిపోనాది."

"ఏమిటది?"

"పంతులు సేసినాడు, మోవావోల్లు సేసినారు అని మీరు ఊరంతా సెప్తన్నారంట గదా. ఆల్లకి రంగు ఇచ్చిందెవులు?"

"నేనే."

"అదీ. నానన్నది అదే." ఆమె మా అమ్మాయి వైపు తిరిగింది. "ఇప్పుడు సెప్పీసినారు తల్లీ. ఆయనకీ మా మాటలొస్తాయి, రావని ఊరికే అనుకున్నాం."

నియమం ప్రకారం ఇప్పుడు నాకు ఖండించే హక్కు వచ్చింది. వెతికితే ఖండించడానికి ఏమీ మిగల్లేదు. మా అమ్మాయి సంచిలోంచి సంతకం కాగితం తీసింది, నాలుగు ప్రతులు, కార్బను పెట్టకుండా, వేరువేరుగా టైపు చేయించి. అంటే ఆమె ఇక్కడికి వస్తూనే తెచ్చుకుంది. గురువుగా నాకు కోపం రావాలి. ఆ పీటనే బల్ల చేసుకుని నేల మీద కూర్చుని నాలుగింటి మీదా సంతకం పెట్టాను. మిరప ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఫిట్టరు భార్య దాన్ని పశ్చాత్తాపం అనుకుని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను కాదని చెప్పలేదు.

శనివారం థీసిస్ అందింది. మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకుడు పెద్దమనిషి. పేజీలు తిప్పి, అంచు ఎన్ని అంగుళాలు వదిలారని అడిగాడు. ఉపయుక్త గ్రంథాల పట్టికలో కామాలు సరిగా లేవన్నాడు. కార్డుల వల్ల కీడు జరిగిందా మేలు జరిగిందా అన్న ప్రశ్న ఆయనకు రాలేదు. వారం రోజులు నేను నిద్రమాని దాచాలనుకున్న ఘోరమైన అధ్యాయాన్ని చదవడానికి లోకం అంత తొందరపడటం లేదని తెలిసి ప్రాణం చివుక్కుమంది. ఆమె పాసయింది. వాళ్లమ్మ నర్సు బట్టల్లోనే వచ్చి విభాగం మెట్ల మీద కూర్చుని, అందరికీ పేడాలు పంచి, మళ్లీ డ్యూటీకి పోయింది.

థీసిస్ బంగారు అక్షరాలతో బీరువాలోకి పోతుంటే మా అమ్మాయి అడ్డం నిలబడింది. "ఇది శ్మశానమన్నారు గదా సార్."

"అయితే ఏం చేద్దామంటావు?"

"కార్డులు వెనక్కి తెచ్చేద్దాం. ఇకపైన కాగితం ఇవ్వద్దు. పెళ్లిమాటలు మొదలైన ఇళ్లకు పోదాం. ఇద్దరినీ రమ్మందాం, ఇద్దరికీ ఒకేసారి పరీక్ష చేద్దాం. ఫలితం ఇద్దరికీ కలిపి నోటితోనే చెబుదాం. వాళ్లకే, ఇంకెవరికీ కాదు."

"చాలా కాలం పడుతుంది."

"పడుతుందండీ."

"లెక్కల్లో చూపించడానికి ఏమీ ఉండదు."

"ఉండదు సార్" అంది. అదేదో సుగుణమన్నట్టు.

కార్డులు తెచ్చే రోజు గుడ్డసంచి పట్టుకుని నా గదికే మొదట వచ్చింది. సంచి మూతి తెరిచి నా ముందు పట్టింది. "ముందు మీది వేయండి సార్."

నాది! కార్యక్రమం మొదలుపెట్టినరోజు అందరి ముందూ నా వేలే మొదట పొడిపించుకున్నాను. ఆ మొదటి కార్డు నా బల్ల అద్దం కింద ఉంది. వచ్చినవాళ్లకు కనబడేట్టు, వాళ్ల వైపు తిప్పి. తెల్లటిది. ఇన్నేళ్లుగా నేను దాన్ని ప్రదర్శిస్తున్నానని నాకే తట్టలేదు. నీలం వచ్చి ఉంటే అద్దం కింద పెట్టేవాణ్ణా? ఈ ప్రశ్న ఆమె అడగలేదు. అందుకే జవాబు చెప్పకుండా తప్పించుకున్నాను. అద్దం ఎత్తి కార్డు తీసి సంచిలో వేశాను. అద్దం కింద బల్ల మీద దుమ్ములేని చతురస్రం ఒకటి మిగిలింది.

మొదటి ఇల్లు ఫిట్టరుదే. సంగతి చెప్పగానే ఆవిడ లోపలికి పోయి రేకుపెట్టె తెచ్చింది. అడుగున, చీరల కింద మడతలు పడి ఉన్న నీలం కార్డు తీసి రెండు వేళ్లతో పట్టుకుని సంచిలో జారవిడిచింది. చేతులు దులుపుకుంది.

పెట్టెలో పైన ఇంకో కార్డుంది. నాలుగు మూలలా పసుపు. కాలేజీలో పరీక్ష చేసినప్పుడు కొడుక్కి ఇచ్చినది.

"అది కూడా ఇవ్వండమ్మా."

"ఏది?"

"తెల్లది."

ఆవిడ పెట్టె మూత వేసేసింది. "అదెందుకోసరం? అది మంచిది గదా."

"మంచీ చెడ్డా లేవనే గదా ఇంతసేపూ..." అన్నాను. మీ అమ్మాయికి జరిగింది గుర్తుంది గదా, ఇంకొకరి అమ్మాయికి ఇదే కార్డు చూపించి అలాగే చేస్తారు గదా అన్నాను. ఉపన్యాసం బాగానే వచ్చింది. ఆవిడ శ్రద్ధగా విన్నది. తలూపింది. నేనన్నదంతా ఒక్క ముక్క పోకుండా తిరిగి కూడా చెప్పింది, నేను ఒప్పుకునేట్టు. మా నాన్న వరండాలో ఆవిణ్ణి చూసి ఉంటే పీట వేసేవాడు.

"అయితే ఇస్తారా?"

"ఇవ్వను" అంది. "మావోడికి వచ్చే ఏడు సంబంధాలు సూస్తన్నాం." తరవాత ఏదో అనుమానం వచ్చి నా మొహంలోకి చూసింది. "మీదేటి రంగు బాబూ?"

"తెల్లదే."

"ఇచ్చీసినారా?"

"ఇచ్చేశాను. ఇదిగో, సంచిలోనే ఉంది."

సంచిలోకి తొంగిచూసి, నిజమేనని తేల్చుకుని, పెట్టెను ఒళ్లోకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

"మీకేటి బాబూ" అంది. "మీకు పెల్లైపోనాది."